తర్వాతి బీటా ఏ రోజు, ఏ గంటకు వస్తుందో ముందే లెక్కెయ్యడం ఎలా? (నైట్ రోస్టర్ కోసం)

రుషికొండ_టెస్టింగ్:
యాప్ టెస్టింగ్ టీమ్, విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద ఆఫీసు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఐఓఎస్ బీటా (అందరికీ విడుదల చేసేముందు పరీక్షకి వదిలే వెర్షన్) వచ్చిన ప్రతిసారీ అదే రాత్రి యాప్ ఓసారి తిప్పి చూసి రిపోర్టు ఇవ్వాలని క్లయింటు పట్టు. చేతిలో 5 ఐఫోన్లు, 2 గూగుల్ పిక్సెళ్లు, 1 గెలాక్సీ ఎస్ సిరీస్ ఉన్నాయి. ఇద్దరిది గాజువాక, రాత్రి క్యాబ్ కావాలంటే ముందురోజు సాయంత్రం 6 లోపు పేర్లివ్వాలి. అంచనా తప్పితే మనుషులు ఊరికే కూర్చుంటారు, లేదంటే బీటా వచ్చాక ఫోన్ల దగ్గర ఎవరూ ఉండరు.

"రెండు వారాలకోసారి, సోమవారం" అన్న లెక్క ఎంతవరకు నమ్మొచ్చు? బిల్డ్ నంబరు (ఒక్కో వెర్షన్‌కీ కంపెనీ ఇచ్చే గుర్తు సంఖ్య) చివరి అక్షరం చూసి చెప్పెయ్యొచ్చంటారు, అదెంత నిజం?

సాగర్‌నగర్_డెవ్:
ముందు గంట సంగతి, అది తేలిక. యాపిల్ బీటాలు కాలిఫోర్నియా టైము ఉదయం 10కి వదులుతుంది. ఎండాకాలపు టైము నడిచేటప్పుడు మనకి రాత్రి 10:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అక్కణ్నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 11:30. మీ రోస్టర్ జూన్-సెప్టెంబరు కాబట్టి 10:30 ఒక్కటే గుర్తుంచుకోండి. రాత్రి 11:15కి కూడా డెవలపర్ సైట్ విడుదలల పేజీలో ఏమీ లేదంటే ఆ రోజుకి దాదాపు లేనట్టే, జనాన్ని పంపించెయ్యండి.

ఈ లెక్కకి అందనివి రెండు రాత్రులు. యాపిల్ జూన్ డెవలపర్ సదస్సు రోజు మొదటి బీటా, సెప్టెంబరు కొత్త ఫోన్ల ఈవెంటు రోజు ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్, ఫైనల్‌కి ముందు వదిలే చివరి వెర్షన్). ఈ రెండూ కీనోట్ (ప్రధాన ప్రసంగం) ముగిశాకే వస్తాయి. కీనోట్ మొదలయ్యేదే మనకి 10:30కి, కాబట్టి ఆ రెండు రోజులూ అర్ధరాత్రి దాటాకే పని. క్యాబ్ కూడా ఆ ప్రకారమే పెట్టుకోండి.

ఇక తారీఖు. వారం పేరు పట్టుకుంటే దెబ్బ తింటారు, బీటాకీ బీటాకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. ఐఓఎస్ 18 తీసుకుంటే, 2024లో జూన్ 10, జూన్ 24, జూలై 8, జూలై 23, ఆగస్టు 5, 12, 20, 28, ఆర్‌సీ సెప్టెంబరు 9. అంటే ఎడం 14, 14, 15, 13, తర్వాత 7, 8, 8, చివర్న 12.

18 తర్వాతది ఐఓఎస్ 26, దానికి 2025లో జూన్ 9, 23, జూలై 7, 22, ఆగస్టు 5, 11, 18, 25, సెప్టెంబరు 2, ఆర్‌సీ సెప్టెంబరు 9. ఎడం 14, 14, 15, 14, ఆ పైన 6, 7, 7, 8, 7.

చూశారా, అయిదో బీటా దగ్గర అడుగు మారుతుంది. దానిముందు పక్షానికోసారి, దాని తర్వాత వారానికోసారి. సెప్టెంబరులో కొత్త ఫోన్లు అమ్మకానికి రావాలి కాబట్టి ఆగస్టుకల్లా కొత్త ఫీచర్లు ఆపేసి బగ్గులు ఏరడమే పని. ఏరిన కొద్దీ వదులుతారు. మీ "రెండు వారాలకోసారి" సూత్రం జూలైతో సరి. ఆగస్టులో కూడా అదే నమ్ముకుంటే సగం బీటాలు పోతాయి.

మర్రిపాలెం_మొబైల్స్:
2023ని వదిలేశారేటండి? అదే అసలు పాఠం. ఐఓఎస్ 17కి జూన్ 5, 21, జూలై 5, 25, ఆగస్టు 8, 15, 22, 29, ఆర్‌సీ సెప్టెంబరు 12. ఎడం 16, 14, 20, 14, తర్వాత వరసగా మూడు ఏడులు, ఆర్‌సీకి 14. ఆ 20 రోజుల ఎడం దగ్గర ఎవరి లెక్కా నిలవలేదు.

మూడేళ్లూ కలిపితే, అయిదో బీటా వరకు 12 ఎడాల్లో 10 మాత్రం 13-15 రోజుల మధ్యే ఉన్నాయి. అయిదో దాని నుంచి చివరి బీటా వరకు ఉన్న 10కి 10 ఎడాలూ 6-8 రోజుల లోపే. అంటే జూలైలో 13, 14, 15 రోజులకి మూడు రాత్రులు బుక్ చెయ్యాలి, వాటిలో శని, ఆదివారాలు పడితే కొట్టెయ్యండి. ఆగస్టులో సోమ, మంగళ, బుధ చాలు. ఆఖరి బీటా నుంచి ఆర్‌సీకి మాత్రం రోజులు లెక్కపెట్టకండి. ఈవెంటు ఆహ్వానం వచ్చాక ఆ తారీఖునే పట్టుకోండి.

ఇంకోటి, సెలవులు వాళ్లవి చూడాలి, మనవి కాదు. 2023లో ఆరో బీటా ఆగస్టు 15 రాత్రి 10:30కి దిగింది. మన జెండా పండగ వాళ్లకేం తెలుసు! అదే 2025 సెప్టెంబరు 1 సోమవారం అమెరికాలో లేబర్ డే, ఆ వారం బీటా మంగళవారానికి జరిగింది. జూలై 4 పక్కనుండే రోజులు, నవంబరు నాలుగో గురువారం, క్రిస్మస్ వారం, ఇవి మీ క్యాలెండర్‌లో ఎర్రగా గీసుకోండి.

రుషికొండ_టెస్టింగ్:
ఇద్దరికీ థాంక్సండి, ఎడాల లెక్క అర్థమైంది. బిల్డ్ నంబరు సంగతి కూడా చెప్పండి. మా లీడ్ దాన్నే నమ్ముతారు.

సాగర్‌నగర్_డెవ్:
కొంత నిజం. ఐఓఎస్ 18 మొదటి బీటా 22ఏ5282ఎం. 22 అంటే ఐఓఎస్ 18 తరానికి యాపిల్ లోపల వాడే నంబరు. ‘ఏ’ అక్షరం అంటే 18.0 (18.1కి బీ, 18.2కి సీ, అలా). 5తో మొదలయ్యే నాలుగంకెలు బీటా గుర్తు. చివరి అక్షరం ఆ బిల్డ్‌ని ఎన్నిసార్లు మళ్లీ కట్టారో చెబుతుంది, ఆ అక్షరం ఎంత వెనకదైతే అన్నిసార్లు కెలికారన్నమాట.

కానీ ఆ ఏడాది వరస చూడండి: ఎం, ఎఫ్, ఎఫ్, జే, ఎఫ్, బీ, ఏ, ఏ. నాలుగో బీటాలో ఎఫ్ నుంచి జేకి ఎగిరింది. "అక్షరం తగ్గుతోంది కాబట్టి వచ్చే వారమే" అన్నవాళ్లంతా అక్కడ బోల్తా. అక్షరం తారీఖు చెప్పదు. వరసగా రెండుసార్లు ‘ఏ’ అక్షరం పడితే బీటాలు ముగింపుకొచ్చాయని అనుకోవచ్చు, అంతే. 2025లో అదీ చాల్లేదు, ఏడో బీటా నుంచి తొమ్మిదో దాకా మూడూ ‘ఏ’ అక్షరాలే.

మరో మోసం ఉంది. ఒక్కోసారి అదే బీటాని చివరి అక్షరం మార్చి మళ్లీ వదులుతారు. దాన్ని కొత్త బీటాగా లెక్కేస్తే మీ ఎడాలన్నీ తప్పుతాయి. బీటా సంఖ్య మారిందా లేదా అన్నదే చూడండి.

మర్రిపాలెం_మొబైల్స్:
పిక్సెల్, గెలాక్సీల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా.

ఆండ్రాయిడ్ 16 బీటాలు 2025లో జనవరి 23, ఫిబ్రవరి 13, మార్చి 13, ఏప్రిల్ 17. నాలుగూ గురువారాలే, ఫైనల్ జూన్ 10. పిక్సెళ్లకి మీ జూన్-సెప్టెంబరు రోస్టర్ సరిపోదు, జనవరి నుంచే పెట్టుకోవాలి. బీటాలో చేరిన ఫోన్‌కి అప్‌డేట్ వెంటనే కనిపించకపోతే సెట్టింగ్స్‌లో చెక్ బటన్ నొక్కుతూ కూర్చోకుండా ఓటీఏ ఫైలు (అప్‌డేట్ మొత్తం ఉండే ఫైలు) దించి, ఏడీబీ అనే కంప్యూటర్ టూల్‌తో సైడ్‌లోడ్ చెయ్యండి, అంటే కంప్యూటర్ నుంచి ఎక్కించండి. జాగ్రత్త ఏటంటే, బీటాలో ఉండగా బయటికొస్తే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. స్థిర వెర్షన్ ఎక్కాక, తర్వాతి బీటా ఎక్కకముందు, ఆ సందులో బయటపడాలి.

గెలాక్సీకి గంట, తారీఖు రెండూ పట్టుబడవు. వన్ యూఐ 7 (ఆండ్రాయిడ్ మీద శాంసంగ్ సొంత రూపం) బీటా 2024 డిసెంబరు 5న మొదలైతే, ఎస్24కి స్థిర వెర్షన్ 2025 ఏప్రిల్ 7 దాకా రాలేదు. దానికి రాత్రి మనిషిని పెట్టకండి, మర్నాడు పొద్దున్న చూసుకోవచ్చు. ఫర్మ్‌వేర్ నంబరు (శాంసంగ్ బిల్డ్ నంబరు) చివర జెడ్‌ఎక్స్‌ఎల్1 లాగా ఉంటే జెడ్ బీటాకి, ఎక్స్ 2024కి, ఎల్ పన్నెండో నెలకి గుర్తు. మీ చేతిలో ఉన్నది ఏ నెలలో కట్టిందో తెలుస్తుంది, వచ్చేది ఎప్పుడో తెలియదు.

ఎంవీపీ_నెట్‌వర్క్స్:
తారీఖు సరిగ్గా పట్టుకున్నా ఆ రాత్రి ఫోన్లు సిద్ధంగా లేక పోయే టైమే ఎక్కువ. 5 ఐఫోన్లు ఒకేసారి ఆఫీసు వైఫై మీద లాగితే గంటలు పడుతుంది. ఒక మ్యాక్‌ని కేబుల్‌తో నెట్‌వర్క్‌కి కలిపి, సెట్టింగ్స్, జనరల్, షేరింగ్‌లో కంటెంట్ క్యాషింగ్ ఆన్ చెయ్యండి. ఒకే మోడల్ ఫోన్లు రెండుంటే మొదటి ఫోన్ దించుకున్నదే రెండోదానికి మ్యాక్ నుంచి వస్తుంది. మోడళ్లు వేరైతే లాభం తక్కువ.

10 గంటలకల్లా ఫోన్లన్నీ ఛార్జింగ్‌లో ఉండాలి, ఖాళీ చోటు కనీసం 15 జీబీ ఉంచండి. "ప్రిపేరింగ్" దగ్గర ఆగిపోతే ఐఫోన్ స్టోరేజ్‌లోకి వెళ్లి ఆ అప్‌డేట్ ఫైలు తీసేసి మళ్లీ మొదలెట్టండి. మొదటి బీటా ఎక్కించే ముందు కంప్యూటర్‌లో బ్యాకప్ తీసి ఆర్కైవ్ చెయ్యడం తప్పనిసరి, బీటాలో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లోకి ఎక్కదు.

రుషికొండ_టెస్టింగ్:
ఆర్‌సీ ఎక్కించిన ఫోన్‌కి ఫైనల్ విడుదల రోజు ఏ అప్‌డేటూ కనిపించలేదు. ఏదైనా తప్పు చేశామా?

సాగర్‌నగర్_డెవ్:
లేదండి. ఐఓఎస్ 18 ఆర్‌సీ 22ఏ3354, ఫైనలూ అదే నంబరు. ఫోన్‌లో ఉన్నదే విడుదలైంది, కొత్తగా దించడానికేం లేదు. ఆ ఫోన్‌ని .0 మీదే ఉంచాలంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీలో బీటా అప్‌డేట్స్ ఆఫ్ చెయ్యండి. లేదంటే తర్వాతి .1 బీటా దానికే వచ్చి కూర్చుంటుంది. అదీ సెప్టెంబరు దాకా ఆగుతుందనుకోకండి, 18.1 మొదటి బీటా 2024 జూలై 29నే వచ్చింది, 18.0 ఇంకా నాలుగో బీటాలో ఉండగా.