ఫిజీషియన్ అసోసియేట్ కోర్సు ఆపేసి మళ్లీ నీట్ రాయనా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు రాక ఫిజీషియన్ అసోసియేట్ (డాక్టరు పర్యవేక్షణలో రోగుల్ని చూసే సహాయకుడు) కోర్సులో చేరాను. ఇప్పుడు రెండో ఏడాది. వార్డులో కేసు హిస్టరీ రాయడం, రౌండ్స్‌కి వెళ్లడం ఇష్టమే. కానీ ఆఖరి మాట, సంతకం డాక్టరుగారివే. అదే గుచ్చుకుంటోంది. ఊళ్లోవాళ్లు "కాంపౌండరు చదువా?" అంటారు, అది వేరే బాధ.

2022లో నీట్‌కి గరిష్ఠ వయసు పరిమితి తీసేశారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. భయమంతా ఫిజిక్స్‌తోనే, మొత్తం మర్చిపోయాను. సీటొచ్చినా ఇంటర్న్‌షిప్‌తో కలిపి మళ్లీ ఐదున్నరేళ్లు. నాన్న ఎకరంన్నర కొబ్బరితోట అమ్మించి ప్రైవేటులో చేరను. కాకినాడ రంగరాయలాంటి గవర్నమెంటు కాలేజీ అయితేనే.

ఇప్పుడే మానేసి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరనా, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం చేసుకుంటూ రాయనా? ఇలా మారినవాళ్లుంటే కాస్త చెప్పండి.