తేలికపాటి వాటర్‌ప్రూఫ్ బూట్లు: రామతీర్థం, తాటిపూడి, మహేంద్రగిరి నడకలకి ఏవి కొనాలి?

బొబ్బిలి బాటసారి

అందరికీ నమస్కారం. కొండలెక్కడానికి ఒక జత బూట్లు కొనాలి. ఎక్కువగా ఆదివారాలు రామతీర్థం బోడికొండ, ఎస్.కోట దగ్గర పుణ్యగిరి, తాటిపూడి జలాశయం వెనక కొండలు. కార్తీకం వెళ్లాక మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కాలని ఉంది. ఇప్పుడున్నవి మామూలు రన్నింగ్ షూస్. తడి రాయి మీద జారిపోతున్నాయి, పొద్దున్నే గడ్డిలో పది నిమిషాలు నడిస్తే సాక్సు పిండుకోవాలి.

అడగాల్సినవి ఇవీ. వాటర్‌ప్రూఫ్ తప్పనిసరా, లేక ఊరికే డబ్బు దండగా? చీలమండ కప్పేవి తీసుకోవాలా, కిందకుండేవి చాలా? ఒక సైటులో బరువు 430 గ్రాములని, ఇంకోదాంట్లో అలాంటి బూటుకే 900 అని రాశారు, ఏది నమ్మాలి? నా సైజు యూకే 8, పాదం ముందు భాగం కాస్త వెడల్పు.

గెడ్డ ఒడ్డు

బూటు సంగతి తర్వాత. మీ కాలికి తడి ఎటు నుంచి వస్తుందో ముందు తేల్చుకోండి. గడ్డి మీది మంచు, చిత్తడి నేల పక్కల నుంచి తడుపుతాయి. గెడ్డ (వాగు) దాటేటప్పుడు నీళ్లు పైనుంచి దిగుతాయి. చెమట లోపలే పుడుతుంది. వాటర్‌ప్రూఫ్ బూటు ఆపేది వీటిలో మొదటిదాన్నే.

అదెలా అంటే, పై గుడ్డకీ లోపలి అస్తరుకీ మధ్య మేజోడు ఆకారంలో ఒక పల్చటి పొర ఉంటుంది. గోర్‌టెక్స్ అన్నా, కంపెనీ సొంత పేరు పెట్టుకున్నా పని ఒకటే: నీటి బొట్టుని రానివ్వదు, ఆవిరిని పోనిస్తుంది. బూటు నాలుకకి రెండు పక్కలా మడతపెట్టి కుట్టిన గుడ్డ ఉంటుంది చూడండి, అది ఏ లేసు కన్నం దాకా ఉందో అంతవరకే రక్షణ. కొన్ని బూట్లు చూడ్డానికి ఎత్తుగానే ఉంటాయి, ఆ మడత మాత్రం సగంలోనే ఆగిపోతుంది. దుకాణంలోనే లేసు విప్పి, నాలుక ముందుకి లాగి చూడండి. గెడ్డలో నీళ్లు ఆ గీత దాటాయంటే లోపలికొస్తాయి, వచ్చిన నీళ్లు మళ్లీ బయటికి పోవు. అదే పొర వాటిని లోపలే పట్టి ఉంచుతుంది.

ఇక చెమట. పొరలోంచి ఆవిరి బయటికి పోవాలంటే లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. పాదం దగ్గర 35 డిగ్రీల్లో నిండుగా చెమ్మ ఉంటే ఆ ఒత్తిడి సుమారు 56 మిల్లీబార్లు. శ్రావణంలో మన దగ్గర 28 డిగ్రీలు, 90 శాతం తేమ అనుకోండి, బయట దాదాపు 34. అంటే తోసే బలం 22. అదే 10 డిగ్రీల చలిలో, 80 శాతం తేమలో బయట 10 మాత్రమే ఉంటుంది, తోసే బలం 46. ఒకటే బూటు చలికాలంలో చేసే పనిలో సగం కూడా వానాకాలంలో చెయ్యదన్నమాట. దానికి తోడు పై గుడ్డ తడిసి బరువెక్కిందా, ఆవిరికి దారే ఉండదు. కొత్తలో గుడ్డ మీద నీళ్లు ముత్యాల్లా జారిపోవడానికి కారణం పైన వేసిన పూత. అది అరిగితే పొర బాగానే ఉన్నా కాలు చల్లగా, చెమ్మగా తగులుతుంది. జనం దాన్ని లీకు అనుకుంటారు.

నా లెక్క ఇదీ. జూన్ నుంచి అక్టోబరు దాకా గెడ్డలు దాటే దారులకి పొర లేనివే మేలు. జాలీ గుడ్డ బూట్లు, లేదా పోలీసులు అడవుల్లో వేసుకునే కాన్వాసు జంగిల్ బూట్లు. తడుస్తాయి, కానీ నడుస్తుంటే నీళ్లు కారిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ముఖ్యంగా మహేంద్రగిరికి, పొర ఉన్నవి. అక్కడ ఎత్తు 1,501 మీటర్లు. కిలోమీటరుకి ఆరు డిగ్రీల చొప్పున వేసుకున్నా సముద్రపు ఒడ్డు కంటే తొమ్మిది డిగ్రీలు తక్కువ. పొద్దుటి మంచులో గడ్డి అంతా తడి, గెడ్డల్లో నీళ్లు తక్కువ. ఈ పొర పుట్టిందే అలాంటి వాతావరణానికి.

కొలత చూసి కొను

బరువు గురించి: 430 అన్నది ఒక్క బూటు, 900 అన్నది జత. రెండూ దాదాపు ఒకటే. కంపెనీలు మామూలుగా యూరప్ 42 సైజు బూటు బరువు రాస్తాయి, కొన్ని జత బరువు రాస్తాయి. చీలమండ కప్పే వాటర్‌ప్రూఫ్ బూటు ఒక్కొక్కటి 400 నుంచి 500 గ్రాముల్లో ఉంటే తేలికే. బరువైన తోలు బూట్లు 700 దాటతాయి. ఒక్కో కాలికి వంద గ్రాములు పెరిగితే నడకకి పడే శ్రమ ఒక శాతం దాకా పెరుగుతుంది. వీపు మీద బరువు కంటే పాదం మీది బరువు నాలుగైదు రెట్లు అలుపు తెస్తుంది. అలాగని మరీ 350కి దిగకండి. అంత తేలిక చెయ్యాలంటే ముందు కోసేది ముక్కు దగ్గరి రబ్బరు కవచం, అట్ట (బూటు అడుగు) మందం. రాళ్ల దారిలో ఆ రెండూ కావాలి.

సైజు దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఒక యూకే సైజుకీ తర్వాతి సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అర సైజు అంటే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కొండకి వేసుకునే సాక్సే పట్టుకెళ్లండి. ముందు బూటులోంచి ఇన్‌సోల్ (లోపల పరిచే మెత్త) బయటికి తీసి, దాని మీద బరువంతా వేసి నిలబడండి. బొటనవేలి ముందు ఒక సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఖాళీ ఉండాలి. పక్కల పాదం అంచు దాటి పొంగిందంటే సైజు పెంచకండి, వెడల్పు అచ్చు ఉన్న మోడల్ చూడండి. సైజు పెంచితే వెడల్పు కొంచెమే వస్తుంది, మడమ మాత్రం లోపల ఆడుతుంది. బొబ్బలు వచ్చేది అక్కడే. చెప్పులు అలవాటైన కాళ్లకి ముందు భాగం విచ్చుకుని ఉంటుంది, కాబట్టి మీ సమస్య మన వైపు చాలామందికి ఉన్నదే.

తర్వాత లేసు కట్టి మెట్లు దిగండి. మెట్లు లేకపోతే దుకాణంలో ఏటవాలు బల్ల అడగండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకుంటే ఆ జత వద్దు. ఎక్కేటప్పుడు మడమ లేస్తుంటే, చీలమండ వంపు దగ్గర లేసుని ఒకసారి కాకుండా రెండుసార్లు మెలిపెట్టి బిగించి, పైన వదులుగా కట్టి చూడండి. అప్పటికీ లేస్తే మీ మడమకి ఆ అచ్చు పడదు.

చీలమండ కప్పేవి బెణుకుని ఆపేస్తాయని ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మెత్తటి గుడ్డ మెడ ఉన్న తేలిక బూటు కాలు మడత పడితే ఆపలేదు. అది ఆపేది కంకర, ముళ్లు, తుప్పల గీతలు. వీపు మీద ఐదారు కేజీలే ఉంటే పొట్టివీ సరిపోతాయి.

జీడితోట పలాస

గెడ్డ ఒడ్డు మాస్టారి లెక్కల్లో తప్పులేదు గానీ, జాలీ బూట్లు మందస ఎర్రమట్టిలో వేసి చూస్తే అర్థమవుతుంది. మెత్తటి మట్టి జాలీలోంచి దూరి సాక్సు కింద గరుకు కాగితంలా రాస్తుంది. గంటకోసారి విప్పి దులపాలి. వానల్లో కూడా గెడ్డలు లేని దారైతే పొర బూటే, పైన పిక్క దాకా గెయిటర్ (బూటు మీంచి కాలికి చుట్టే గుడ్డ తొడుగు) కడితే నయం. గెయిటర్ లేకపోతే ప్యాంటు బూటు మీదకి వదలండి. లోపలికి దోపితే వాన నీళ్లు ప్యాంటు మీంచి కారి సాక్సులోకి చేరతాయి, అప్పుడు గోర్‌టెక్స్ ఉన్నా లేనట్టే.

ఎవరూ అట్ట గురించి మాట్లాడలేదేటి? జారుడు ఆగాలంటే చూడాల్సింది అదే. బోడికొండ లాంటి బోడిరాయికీ, మందస ఎర్రమట్టికీ ఒకే అట్ట పనికిరాదు. రాయి మీద రబ్బరు ఎంత మెత్తగా, ఎంత ఎక్కువ మేర ఆనితే అంత పట్టు. మట్టిలో గుబ్బలు నాలుగైదు మిల్లీమీటర్ల లోతు, మధ్య మధ్య ఎడం ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే మట్టి ఇరుక్కుని అట్ట చదునైపోతుంది, ఇక జారుడుబల్లే. రెండూ కావాలంటే గుబ్బలు ఎడంగా ఉండి, బొటనవేలి కింద మాత్రం చదునుగా వదిలిన అట్ట చూడండి. మడమ దగ్గర అడ్డంగా ఒక మెట్టు కోసి ఉండాలి, దిగేటప్పుడు బ్రేకు అదే. గోరుతో రబ్బరు నొక్కండి. ఏమాత్రం దిగకుండా ప్లాస్టిక్‌లా ఉంటే తడి రాయి మీద నమ్మొద్దు. వైబ్రమ్ (అట్టలు చేసే కంపెనీ) అని పసుపు ముద్ర ఉన్నంతమాత్రాన సరిపోదు, వాళ్లలోనే గట్టి రబ్బరూ ఉంది, మెత్తదీ ఉంది. ఇక పుణ్యగిరి నీటి ధార దగ్గరి పాకుడు రాయి మీద ఏ అట్టా ఆగదు. పక్కనుంచి పోవడమే.

ఇంకోటి, ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. మన ఊళ్లలో కొత్త షూ కొనగానే ఊడకుండా అట్ట చుట్టూ కుట్టించడం అలవాటు. వాటర్‌ప్రూఫ్ బూటుకి ఆ పని చేశారా, సూది దిగిన ప్రతి చోటా పొరకి కన్నం పడ్డట్టే. అట్ట విడిస్తే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే పీయూ (పాలీయురెథేన్) గమ్‌తో అతికించమనండి. రెండు వైపులా గరుకు చేసి, రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేడి చేసి నొక్కి, రాత్రంతా బరువు పెట్టాలి. ఫెవిక్విక్ వద్దు. అది ఎండితే గాజులా గట్టిపడుతుంది, అట్ట వంగిన చోట పెళ్లున విరుగుతుంది.

బొబ్బిలి బాటసారి

చాలా థ్యాంక్సండీ. రెండు జతలు కొనే స్తోమత ఇప్పుడు లేదు. ఒకటే కొనాలంటే ఏది? తడిసినవి ఎండలో పెట్టొచ్చా? తుప్పల్లో పురుగూ పుట్రా సంగతి కూడా చెప్పండి.

గెడ్డ ఒడ్డు

మీరు చెప్పిన నాలుగు చోట్లలో చలి, మంచు ఉన్నది ఒక్క మహేంద్రగిరే, అదీ ఏడాదికి ఒకసారి. కాబట్టి ఒకటే అయితే పొర లేని, చీలమండ కప్పే, దట్టమైన నేత గుడ్డ బూటు తీసుకోండి. జాలీ కాదు, జీడితోట గారి మట్టి గొడవ తీరుతుంది. పొర లేనందుకు మిగిలిన డబ్బుతో రెండు జతల ఊలు కలిసిన సాక్సు కొనండి. నూలు సాక్సు వద్దు, నీళ్లు పట్టి ఉంచి చర్మాన్ని నానబెడుతుంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర సాక్సు మార్చి, తడిసినవి సంచికి బయట కట్టుకోండి. గెడ్డలో బూటు విప్పి ఉత్తికాళ్లతో దిగకండి, అడుగున రాయి కనపడదు. ఇన్‌సోల్, సాక్సు తీసేసి ఉత్త బూటుతో దాటి, అవతల నీళ్లు ఒంపి, పొడి సాక్సు వేసుకోండి. పైన కొండల్లో వాన పడుతుంటే మోకాలు దాటిన ప్రవాహంలో దిగనే వద్దు.

తుప్పల్లో పాముల కంటే ఎక్కువ మంది పట్టించుకోనిది స్క్రబ్ టైఫస్. కంటికి ఆనని నల్లి జాతి పురుగు పిల్లలు కుడితే వస్తుంది. పొడి రోజుల్లో ప్యాంటు సాక్సులోకి దోపి, సాక్సు మీదా బూటు అంచు మీదా డీట్ ఉన్న దోమల మందు రాయండి. గడ్డి మీద నేరుగా కూర్చోకండి. ఇంటికొచ్చాక స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో పడెయ్యండి. మూడు వారాల లోపు జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టిన పుండు కనిపిస్తే, కొండకి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకి చెప్పండి. సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గే జబ్బే.

కొలత చూసి కొను

గెడ్డ ఒడ్డు గారితో ఒప్పుకుంటాను, ఒక్క మినహాయింపుతో. మహేంద్రగిరిలో రాత్రి ఉండే ఆలోచన ఉంటే తడి బూటు తెల్లారేసరికి ఆరదు. అప్పుడు పడుకోవడానికి పొడి సాక్సు విడిగా ఒక పాలిథీన్ కవర్లో ఉంచుకోండి. పొద్దున్న తడి బూటే వేసుకోవాల్సి వస్తే పొడి సాక్సు మీద ఆ కవరే తొడిగి, పైన బూటు వేసుకోండి. చెమట పట్టినా మొదటి గంట చలి ఆగుతుంది.

జీడితోట పలాస

ఆరబెట్టడం: ఎండలో వద్దు, పొయ్యి పక్కన అసలే వద్దు. వేడికి గమ్ వదులుతుంది. లేసు పూర్తిగా విప్పి, ఇన్‌సోల్ తీసి, బురద మంచినీళ్లతో కడిగి, లోపల పాత పేపర్లు కుక్కండి. రెండు గంటలకోసారి పేపర్లు మార్చి, ఫ్యాను కింద పక్కకి పడుకోబెట్టండి. డిటర్జెంట్ వాడకండి, పై పూత పోతుంది.

దాచడం దగ్గరే ఎక్కువ బూట్లు పాడవుతున్నాయి. అట్టకీ పై గుడ్డకీ మధ్య మెత్తటి పొర పీయూదైతే, గాలిలో తేమ, వేడి కలిసి ఏళ్లు గడిచేకొద్దీ అది వాడకపోయినా పిండిలా రాలిపోతుంది. సముద్రపు గాలి తగిలే సోంపేట, కవిటి లాంటి చోట్ల ఇంకా తొందరగా. డబ్బాలో, ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి అటక మీద పెడితే మరీ త్వరగా. ఈవీఏ (ఇంకో రకం మెత్తటి నురుగు) అయితే అలా పొడి కాదు, కానీ నలిగి పల్చబడుతుంది. కొనేటప్పుడు నాలుక వెనక లేబుల్ మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. భారీ తగ్గింపు ధరకి ఇచ్చే పాత సరుకులో పీయూ ఉంటే తీసుకోకండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న జత అయితే కొండకి బయల్దేరే ముందు రోజు బొటనవేలితో ఆ పొరని గట్టిగా నొక్కి, పక్కల బీటలు ఉన్నాయేమో చూసుకోండి.