లూసర్న్‌కి రోజు విడిచి రోజు నీళ్ళు పెడుతున్నా తల వాల్చేస్తోంది, ఇంకా పెంచాలా?

ప్రశ్న:
వానలు తక్కువ పడే చోటు మాది, ఇసుక కలిసిన నేల. పశువుల మేతకని అర ఎకరం లూసర్న్ వేసి నాలుగు నెలలైంది. మోటారు ఉంది కదా అని రోజు విడిచి రోజు ఓ అరగంట నీళ్ళు వదులుతున్నా, అయినా మధ్యాహ్నానికి వాడిపోతోంది, ఆకు కూడా పాలిపోయినట్టుంది.

జవాబు:
పెంచకండి, తడికీ తడికీ మధ్య రోజులు పెంచండి. అరగంట నీళ్ళు పైపైన తడిపి చాలావరకు ఎండకే పోతాయి, వేరు కూడా తడి ఉన్నచోటే తిరుగుతుంది. రెండు మూడు మీటర్లు దిగగల తల్లివేరుని మనమే పైన కూర్చోబెట్టి మేపుతున్నాం! నీళ్ళు కట్టిన మర్నాడు సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి, తడి ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగిలితే మొరాయిస్తుంది. రెండడుగులు దిగేలా కట్టి ఆపేయండి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే టెన్షన్ వద్దు, తెల్లారినా వాలే ఉంటే దాహమని అర్థం.

ప్రశ్న వేసినవారు:
మరి ఎన్ని రోజులకోసారి అండి?

జవాబు:
ఎండాకాలం వారం పది రోజులు, చలికాలం రెండు మూడు వారాలు. ఇసుక నేల నీళ్ళు పట్టుకోదు కాబట్టి మీరు తక్కువ రోజుల వైపే ఉండండి.

ఇంకొకరు:
ఆకు పాలిపోవడం దాహం వల్ల కాకపోవచ్చు. ఒక మొక్కని పీకకుండా పారతో మట్టిగడ్డతో సహా లేపండి, పీకితే వేరుకుండే చిన్న బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. బుడిపెని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉండాలి, అప్పుడే గాలిలోని నత్రజని మొక్కకి అందుతున్నట్టు. తెల్లగా ఉంటే పని జరగట్లేదు, ఆకు పాలిపోయేది అందుకే కావచ్చు. ఎప్పుడూ చిత్తడిగా ఉంటే గాలి అందక అలా అవుతుంది, అలాగని నీళ్ళు ఆపేసి బెట్ట పెట్టినా ఆకు వాడకముందే బుడిపెలు నీరసిస్తాయి. వేరు దిగుతుందిలే అని నేనోసారి మరీ ఎక్కువ రోజులు ఆపేసి ఒక కోత పోగొట్టుకున్నా.

మరొకరు:
పై సలహా వేరు దిగిన మొక్కలకే, లేత మొలకలకి కాదు. గింజ సెంటీమీటరు లోతులోనే ఉంటుంది, పైన పెచ్చు కడితే మొలక బయటికి రాలేదు, అప్పుడు మాత్రం తేలిక తడులే దగ్గర దగ్గరగా ఇవ్వాలి. ఇంకోటి, మండే ఎండలో కోసిన వెంటనే మడిలో నీళ్ళు నిలబెట్టకండి, మోడు కుళ్ళుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే చువ్వ గుచ్చి వచ్చా. నాలుగు అంగుళాల దగ్గర ఆగిపోయింది. బుడిపెలు రేపు పొద్దున చూసి చెప్తా.