తిరుపతిలో కొత్త కారు: కొటేషన్‌లో ఎక్కడ బేరమాడాలి?

రేణిగుంట రోడ్డు షోరూంలో ఆన్‌రోడ్ (టాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన రేటు) కొటేషన్ ఇచ్చారు. ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ కిట్, హ్యాండ్లింగ్ చార్జీ అన్నీ కలిపేశారు. "ఫిక్స్‌డ్ సార్" అంటున్నారు. ఎంత తగ్గించొచ్చు అన్నా?

జవాబు 1:
మొత్తం మీద బేరం పెట్టొద్దు తమ్ముడూ, లైను లైనుగా విడదీసి రాసిమ్మను. లైఫ్ టాక్స్ ప్రభుత్వానిది, దాని మీద మాట్లాడి లాభం లేదు. హ్యాండ్లింగ్ చార్జీ కొట్టేయించు. కిట్ వద్దను, మ్యాట్లూ సీట్ కవర్లూ బయట చవక. అసలు డబ్బుండేది ఇన్సూరెన్స్‌లో. కొత్త కారుకు థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి) 3 ఏళ్ళకు తప్పనిసరి, ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి) ఏడాదికి చాలు. బయట కొటేషన్ తెచ్చి ముందు పెట్టు, ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ), జీరో డెప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత లేకుండా క్లెయిం ఇచ్చే కవర్) రెండు కొటేషన్లలోనూ ఒకటేలా ఉండాల. ఐడీవీ కోసేసి ప్రీమియం తగ్గించామంటారు, జాగ్రత్త. బండి పోయినపుడు చేతికొచ్చేది ఆ ఐడీవీనే.

జవాబు 2:
చిత్తూరు వాళ్ళు వేలూరు, బెంగళూరు కొటేషన్లు కూడా తెచ్చుకోవచ్చు. పోల్చేది ఎక్స్‌షోరూం (రోడ్డు టాక్స్, ఇన్సూరెన్స్ కలపని రేటు), డిస్కౌంట్ మాత్రమే. రిజిస్ట్రేషన్ ఇక్కడే కాబట్టి టాక్స్ ఏపీ రేటే. నెలాఖరులో టార్గెట్ ఒత్తిడి ఉంటుంది, అప్పుడు కదులుతారు. జనవరిలో భారీ తగ్గింపు ఇస్తే ఛాసిస్ ప్లేటు మీద తయారీ నెల చూడండి. డిసెంబరుదైనా, అంతకు ముందుదైనా రీసేల్‌లో ఏడాది పాతదే.

జవాబు 3:
పాత బండి ఇస్తుంటే దాని రేటు, ఎక్స్‌చేంజ్ బోనస్ వేర్వేరుగా రాయించుకోండి. కలిపి చెప్తే బోనస్ ఇచ్చి రేటు కోస్తారు. కారు రేటు 10 లక్షలు దాటితే 1% టీసీఎస్ (డీలరు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది, ఐటీ రిటర్న్‌లో క్లెయిం చేసుకోవచ్చు. ఒప్పుకున్నవన్నీ బుకింగ్ ఫారం మీద సంతకం, స్టాంపుతో ఉండాలి. బండి రిజిస్ట్రేషన్‌కు పోకముందే యార్డులో పెయింటు, టైర్ల తేదీ, ఓడోమీటర్ చూసుకోండి. పేరు మీదికొచ్చాక మార్చమంటే మార్చరు.