సుగ్గికి పోయిన అమ్మ వీడియోలు: షార్ట్ ఫిల్మ్ కాకుండా ఇంకేం చేయొచ్చు?

ఆదోని_పిల్ల:

అందరికీ నమస్తే. నేను కడపలో బీఎఫ్‌ఏ చదువుతున్నా, మాది ఆదోని దగ్గర పల్లె. మా అమ్మ, చిన్నమ్మ, మా వీధిలో సగం మంది ఏటా గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి పోతారు. ఈసారి నేనూ కొన్నాళ్లు వాళ్లతో ఉండి ఫోన్‌లో తీశాను. కాయలు కోసే చేతులు, చేను పక్కన పట్టలతో వేసుకున్న గుడిసెలు, సాయంత్రం కాటా దగ్గర మేస్త్రీతో వాదన, ఘాటుకు దగ్గుతూనే నవ్వుకోవడం. ఊరికొచ్చాక తాళాలు పడిన ఇళ్లు, పిల్లల్ని చూసుకుంటూ ఉండిపోయిన మా జేజిని కూడా తీశాను.

క్లాసులో చూపిస్తే అందరిదీ ఒకటే మాట, ఏడుపు పాట ఒకటి పెట్టి పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ చెయ్, యూట్యూబ్‌లో బాగా పోతుంది అని. నాకది ఇష్టం లేదు. అమ్మ అక్కడ ఏడవలేదు, పని చేసింది. గ్యాలరీల్లో వీడియోతో పని చేసే ఆడవాళ్లు ఉన్నారని విన్నాను కానీ ఎవరిని చూడాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఇంకోటి, మన వైపు గ్యాలరీ అనేదే లేదు కదా, చేసినా ఎక్కడ చూపించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

అనంత_అక్క:

చెల్లీ, నాది అనంతపురం. బెంగళూరులో ఎగ్జిబిషన్లు సెట్ చేసే పని నాది, ప్రొజెక్టర్లు మోయడం నుంచి గోడలకు నల్లరంగు వేయించడం దాకా. ముందు నళినీ మలానీని చూడు. 1946లో కరాచీలో పుట్టింది, దేశ విభజనప్పుడు వాళ్ల కుటుంబం ఇటొచ్చింది. 1969లో బొంబాయిలో అక్బర్ పదమ్‌సీ నడిపిన వర్క్‌షాప్‌లో ఇళ్ల నమూనాలు కట్టి, రంగు లైట్లతో 'డ్రీమ్ హౌసెస్' అని చిన్న యానిమేషన్ చేసింది. కొత్త దేశంలో అందరికీ కొత్త ఇళ్లు వస్తాయన్న ఆశ నిండుగా ఉన్న రోజులవి. కొన్నేళ్లు పోయాక, బొంబాయి మురికివాడల వైపు చూస్తున్న ఒక అమ్మాయిని బ్లాక్ అండ్ వైట్‌లో తీసి, ఆ పాతదాని పక్కనే దీన్నీ వేసింది. ఆ జంటకు 'యుటోపియా' అని పేరు, 1969 నుంచి 76 మధ్య చేసింది. మొత్తం నాలుగు నిమిషాలు కూడా ఉండదు. ఆశ ఒక తెర మీద, దానికి ఏమైందో ఇంకో తెర మీద. కథ చెప్పాల్సిన పనే లేదు.

రెండోది షిరిన్ నెషాత్ 'టర్బులెంట్', 1998. ఇరాన్‌లో పుట్టి అమెరికాలో ఉండే ఆర్టిస్టు. గదిలో ఎదురెదురు గోడల మీద రెండు తెరలు. ఒకదాంట్లో మగవాడు నిండు సభలో పాడతాడు, అందరూ చప్పట్లు కొడతారు. రెండోదాంట్లో ఆడమనిషి ఖాళీ కుర్చీల ముందు పాడుతుంది, ఎందుకంటే వాళ్ల దేశంలో ఆడవాళ్లు మగవాళ్ల ముందు సోలోగా పాడకూడదు. నువ్వు మధ్యలో నిలబడతావు, ఒకటి చూడాలంటే రెండోదానికి వీపు తిప్పాల్సిందే. 1999లో ఇటలీలో వెనిస్ బినాలే అనే పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్‌లో ఆమెకు అవార్డు వచ్చింది.

ఇవే ముందు ఎందుకు చెప్తున్నానంటే, నీ దగ్గర గుంటూరు చేను ఉంది, ఆదోనిలో తాళం పడిన ఇల్లు ఉంది. ఎదురెదురుగా వెయ్యి. అమ్మ చేతులు చూడాలంటే జేజికి వీపు తిప్పాలి, జేజిని చూడాలంటే అమ్మకు. సుగ్గికి పోవడమంటే అదే కదా. దీన్ని ఎడిటింగ్‌తో ఒకే తెర మీద ముందూ వెనకా పెట్టావనుకో, మళ్లీ నీ ఫ్రెండ్స్ చెప్పిన షార్ట్ ఫిల్మే అవుతుంది.

మార్తా రోజ్లర్ 1975లో చేసిన వంటింటి వీడియో కూడా చూడు. ఆరు నిమిషాలు, కదలని ఒకే కెమెరా. ఏప్రాన్ కట్టుకుని ఏ, బీ, సీ వరసలో ఒక్కో వంట సామాను చూపిస్తూ పోతుంది, పోనుపోను చేతుల్లో కోపం పెరుగుతుంది, మొహంలో మాత్రం ఏమీ ఉండదు. నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. 1960ల చివర్లో సోనీ పోర్టపాక్ అని భుజాన మోసుకుపోయే వీడియో కెమెరా వచ్చి, ఒక్క మనిషే వీడియో తీసుకోగలిగినప్పుడు చాలామంది ఆడవాళ్లు దాన్ని అందుకున్నారు. పెయింటింగ్‌లో అయితే ఎటు చూసినా మగ గురువులే, ఇక్కడ ఇలాగే తీయాలని చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. ఇప్పుడు ఫోన్ పట్టుకున్న నీకూ అంతే.

సోనియా ఖురానా 'బర్డ్' (1999) కూడా గొప్పదే, కానీ ఇంట్లో అందరూ ఉండగా పెట్టుకోకు, అందులో ఆమె ఒంటి మీద బట్టలుండవు.

బురుజు_నీడ:

కర్నూలు నుంచి రాస్తున్నా. ఇదంతా చదువుకున్నోళ్ల కబుర్లు అనిపిస్తుంది నాకు, ఏమనుకోవద్దు. పత్తికొండ, కోసిగి వైపు నుంచి జనం మూటాముల్లె లారీలకు ఎక్కించుకునే ఫొటో ఏటా పేపర్లో వస్తుంది, ఏం మారింది? ఒక్క తెర కాకుండా రెండు వేస్తే వలస ఆగిపోతుందా?

అమ్మాయీ, నీ మీద కోపం కాదు. అసలు సంగతి ఒకటి అడుగుతా. ఆ ఆడవాళ్లు తమ ముఖాలు చూపించడానికి ఒప్పుకున్నారా? కాటా దగ్గర గొడవ తీశానన్నావు. అది మేస్త్రీ కంటపడితే వచ్చే ఏడు మీ చిన్నమ్మకు పని ఇస్తాడా? నువ్వు ఆర్టిస్టు అవుతావు, సర్టిఫికెట్ వస్తుంది. ఆమెకు ఏమొస్తుంది?

అనంత_అక్క:

వలస ఆగదు అన్నా, ఆగుతుందని ఎవరూ అనలేదు. కానీ మీరు రెండోసారి అడిగింది చాలా పెద్ద ప్రశ్న, దాంతో తలపడినవాళ్లు ఉన్నారు. షీబా ఛాఛీ 1980ల్లో ఢిల్లీలో ఆడవాళ్ల ఉద్యమాన్ని ఫొటోలు తీసింది, వరకట్న చావుల మీద ధర్నాలు అవీ. ఆ ఫొటోల్లో ఆడవాళ్లంతా పిడికిలి ఎత్తినవాళ్లుగానే మిగిలిపోతున్నారనిపించి, ఏడుగురు కార్యకర్తల దగ్గరికి మళ్లీ వెళ్లింది. ఎక్కడ కూర్చోవాలి, పక్కన ఏ వస్తువులు ఉండాలి, ఎలా కనిపించాలి అన్నీ వాళ్లతో కలిసి తేల్చుకుని తీసింది. 'సెవెన్ లైవ్స్ అండ్ ఎ డ్రీమ్' అంటారు దాన్ని. తర్వాతే ఆమె కదిలే బొమ్మల లైట్ బాక్సులు, వీడియో ఇన్‌స్టలేషన్ల (గది మొత్తం వాడుకుని అమర్చే పనుల) వైపు పోయింది.

ముఖం వద్దంటే గొంతు చాలు. శిల్పా గుప్తా పనిలో వంద మైకులు పైనుంచి వేలాడుతుంటాయి, కానీ అవి మాట వినవు, మాట్లాడతాయి, లోపల స్పీకర్లు పెట్టింది. రాసినందుకో, నమ్మినదానికో జైలుకు పోయిన వంద మంది కవుల పంక్తులు, ఏడో, ఎనిమిదో శతాబ్దాల దాకా వెనక్కి పోతాయి. ఒక గొంతు మొదలుపెడితే మిగతావి అందుకుంటాయి. కవుల ముఖం ఒక్కటీ కనిపించదు. 2019లో వెనిస్‌లోనూ పెట్టారు. చెల్లీ, నీ కాటా గొడవను నల్ల తెర మీద గొంతులతోనే వినిపించొచ్చు, అదీ ఎవరి గొంతో గుర్తుపట్టకుండా వేరేవాళ్లతో చెప్పించి.

ఇంకో దారి కూడా ఉంది. ముంబైలో షైనా ఆనంద్ వాళ్లు 'క్యాంప్' అని ఒక స్టూడియో నడుపుతారు. గుజరాత్ నుంచి గల్ఫ్‌కు సరుకు పడవలు నడిపే నావికులు తమ ఫోన్లలో తమకోసం తీసుకున్న వీడియోలు, వాటికి వాళ్లే పెట్టుకున్న పాటలతో సహా చేర్చి 2013లో ఒక సినిమా చేశారు. మీ చిన్నమ్మ ఫోన్‌లో ఏముందో ఎప్పుడైనా చూశావా?

ధర్మవరం_దారం:

ఒక్క ముక్క చెప్పి పోతా. మలానీ తర్వాత్తర్వాత చేసినవి కూడా వెతుకు చెల్లెమ్మా. 2012లో జర్మనీలో కాసెల్‌లో పెట్టింది ఒకటుంది, పారదర్శకంగా ఉండే పెద్ద పెద్ద గొట్టాల లోపలివైపు బొమ్మలు వేసి, అవి తిరుగుతుంటే వాటి గుండా వీడియోలు వేస్తుంది. గోడల మీద నీడలు, వీడియో కలిసిపోతాయి. మా పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు మేకతోలు పలచగా చేసి రంగులేసేది కూడా దీపం దాని గుండా పోవాలనే. మన జనానికి తెర ముందు రాత్రంతా కూర్చోవడం కొత్తేం కాదు, గ్యాలరీ లేదని దిగులెందుకు?

పెళ్లి_కెమెరా_కడప:

నేను పెళ్లిళ్లు తీస్తా, ఆర్ట్ సంగతి నాకు తెలీదు, సామాను సంగతి చెప్తా. వాట్సాప్‌లో పంపించుకున్న క్లిప్పులు వాడొద్దు, పెద్ద తెర మీద బొంత కుట్టినట్టు కనిపిస్తాయి. ఫోన్ నుంచి కేబుల్‌తో తీసుకో, లేదా డాక్యుమెంట్‌గా పంపించుకో. ట్యూబ్‌లైట్ కింద తీస్తే గీతలు పారతాయి, మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టు. ఫోన్ వీడియో ఫ్రేమ్ రేట్ ఒకేలా ఉండదు, ఎడిటింగ్‌కు ముందే సెకనుకు 25 ఫ్రేములకు మార్చుకో, లేకపోతే పొడవాటి షాట్లలో మాట పెదవి కంటే వెనకబడుతుంది. ఎదురెదురు తెరలైతే రెండు వీడియోలూ ఒకే నిడివి చేసి లూప్‌లో పెట్టు, పెన్‌డ్రైవ్‌తో రెండు ప్రొజెక్టర్లూ కలిపి నడిపితే కాసేపటికి అటూ ఇటూ జరుగుతాయి, నీకు అవి కలిసే నడవాలా వద్దా ముందే తేల్చుకో.

ఆదోని_పిల్ల:

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. కర్నూలు అన్న అడిగింది రాత్రే అమ్మకు ఫోన్ చేసి అడిగాను. తన ముఖం ఉంటే ఫర్లేదంది, చేతులే చూపిస్తే ఎవరివో ఎట్లా తెలుస్తుందని తిరిగి నన్నే అడిగింది. కాటా దగ్గరిది మాత్రం వద్దే వద్దంది, గొంతు కూడా వద్దు. కాబట్టి అది తీసేస్తున్నా. చిన్నమ్మ ఫోన్‌లో అన్నీ పిల్లలకు పంపిన సెల్ఫీ వీడియోలు, వెనకాల చేను, ముందు ఆమె తల. వాటిని ఒక గోడకు, పిల్లలు తిరిగి పంపినవి ఎదురుగోడకు వేద్దామనుకుంటున్నా. ముందు మా ఊళ్లోనే, వాళ్లు ఉగాదికి తిరిగొచ్చాక, వాళ్లకే చూపిస్తా. కాలేజీ తర్వాత.

బురుజు_నీడ:

కాటాది తీసేశావు, మంచి పని చేశావు. ఊళ్లో వేసేరోజు చెప్పు, వస్తా. నచ్చకపోతే అక్కడే చెప్తా.

అనంత_అక్క:

పిల్లలు తిరిగి పంపినవి అన్నావు చూడు, అది మేమెవరం చెప్పలేదు. ఇది ఇంకొంచెం పెద్దగా చేయాలనుకుంటే బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వాళ్ల గ్రాంట్లు చూడు, అప్లికేషన్ తెలుగులోనే రాయొచ్చు. ఇంగ్లీషు కోసం ఎవరి చుట్టూ తిరగకు.

పెళ్లి_కెమెరా_కడప:

సెల్ఫీ వీడియోలంటే నిలువుగా ఉంటాయి కదమ్మా, అడ్డంగా వేస్తే పక్కలన్నీ నల్లగా వస్తాయి. ప్రొజెక్టర్ పక్కకు తిప్పి బిగించాలి, కొన్ని మోడళ్లు అట్లా పెడితే వేడెక్కుతాయి, కొనేముందు మాన్యువల్ చూడు. ఉగాదికి పెళ్లి ముహూర్తాలు లేకపోతే నా ప్రొజెక్టర్ ఒకటి తీసుకుపో, రెండోది నువ్వు చూసుకో.