కొత్త హెవీ డ్రైవర్‌కి ఏ లైన్ మేలు: బొగ్గు టిప్పరా, సిమెంట్ లారీనా, పార్శిల్ కంటైనరా?

అన్నలారా, కొత్తగా హెవీ లైసెన్స్ వచ్చిన మా తమ్ముడి కోసం అడుగుతున్నా. ఉండేది హన్మకొండ. చూస్తున్నవి భూపాలపల్లి బొగ్గు టిప్పర్, బసంత్‌నగర్ సిమెంట్ లారీ, హైదరాబాద్ పార్శిల్ కంటైనర్.

చెప్పిన జీతం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ట్రిప్పు లెక్కన కట్టిచ్చే టిప్పర్‌లో కాంటా (బండి తూకం) దగ్గర లైన్ కదలకపోతే ఆ గంటలకు పైసా రాదు. సిమెంట్‌లో హమాలీలు దొరక్కపోతే బండి రాత్రంతా ఆగుతుంది. టార్పాలిన్ సరిగా బిగించక బస్తాలు తడిసి గడ్డకడితే కోత డ్రైవర్‌కే. కంటైనర్‌కేమో రాత్రి నిద్ర ఉండదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో మాత్రం రోజుకు 8 గంటలే పని అని ఉండేది.

ఈ లైన్లలో నడిపేటోళ్లు చెప్పండి: బత్తా (దారి ఖర్చుల డబ్బు) జీతంలోనేనా, వేరేనా? హాల్టింగ్ (బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు) ఎన్ని గంటలు దాటినంక ఇస్తారు? డీజిల్ మైలేజీ ఖాళీ బండికి, లోడుకి వేర్వేరుగా కడతారా? కొత్తోడికి మొదట్లో పక్కన సీనియర్‌ని కూర్చోబెడతారా? ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం.