అప్‌డేట్: కెఫే కచేరీలకు ఆంప్లిఫయర్ కొనేశాను

బెంగళూరు కెఫేల్లో వాయించడానికి, మెట్రోలో ఒక్కడినే మోసుకెళ్లగల గిటార్ ఆంప్లిఫయర్ ఏదని పోయిన నెల అడిగాను. బాస్ కటానా 50, రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ మధ్య తేల్చుకోలేకపోయాను. చివరికి రోలాండ్ కొన్నాను.

రెండూ 50 వాట్లవే. కటానాలోని 12 అంగుళాల స్పీకరుతో ఎలక్ట్రిక్ గిటారుకు వచ్చే నిండుదనమే వేరు. కానీ నాది కరెంటు లేకుండానే మోగే అకూస్టిక్ గిటారు, పైగా పాడతాను. క్యూబ్‌లో మైకుకు, గిటారుకు విడివిడి చానళ్లున్నాయి. ఎనిమిది ఏఏ బ్యాటరీలతోనూ నడుస్తుంది. బరువు ఏడున్నర కిలోల లోపే.

శనివారం ఇందిరానగర్‌లో మొదటి కచేరీ. నేల మీద పెడితే గిటారులోని లావు తీగలు గుమ్మని మోగి, పాటలోని మాటలు మునిగిపోయాయి. కుర్చీ మీదకు ఎక్కించమని మీలో ఒకరు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎక్కించి, బేస్ కాస్త తగ్గించాను. అంతే, ఒక్కో తీగ విడిగా వినిపించింది! చివరి బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ పెదవులు కదుపుతూ నాతో పాటు పాడారు. ఆ దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది.

సలహా ఇచ్చిన అన్నగారికి ధన్యవాదాలు. వచ్చే వారం జయనగర్‌లో వాయిస్తున్నాను, ఈసారి కుర్చీ ముందే అడిగి పెట్టుకున్నాను.